కింది గదికి మాట అందదేం?

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర అయ్యేసరికి మా అమ్మ తల దువ్వుకుని, కళ్ళజోడు తుడుచుకుని, మంచంమీద గోడకానుకుని కూర్చునేది. ఆ వేళకు టెక్సాస్‌లో శనివారం రాత్రి. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు పిల్లల్ని పడుకోబెట్టి తీరిక చేసుకునేది అప్పుడే. ఫోనులో వాడి ముఖం కనబడగానే అమ్మ మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఏం తిన్నావురా?"

కొన్నాళ్ళుగా ఆ ప్రశ్నకు జవాబు సరిగా రావటం మానేసింది. వాడి ముఖం పటంలో బొమ్మలా కదలకుండా నిలిచిపోయేది. పెదవులు ఒకచోట, మాట ఇంకొకచోట. అమ్మ అడిగిన మూడు సెకన్లకు వాడు "ఆఁ, ఏమన్నావమ్మా?" అనేవాడు. ఈలోగా అమ్మ మరోమాట మొదలుపెట్టేది. రెండు మాటలూ ఢీకొని రెండూ చెడిపోయేవి. పది నిమిషాలు గడవకుండానే, "సరేలే నాయనా, నీకు నిద్రవేళ అయింది, పడుకో" అని ఫోను నా చేతికిచ్చేసేది.

ఒక ఆదివారం ఆమె తల దువ్వుకోలేదు. "వాడికి సవాలక్ష పనులుంటాయి. నాతో మాట్లాడటానికి ఏముంటుందిలే! నువ్వే క్షేమం కనుక్కో" అన్నది. ఆ మర్నాడు తమ్ముడు నాకు విడిగా ఫోను చేశాడు. "అన్నయ్యా, అమ్మకు నామీద కోపం వచ్చిందా? ఏమడిగినా వెంటనే బదులు చెప్పటం లేదు" అన్నాడు.

తల్లికీ కొడుక్కూ మధ్య వచ్చిన ఈ ఎడం వేలాది మైళ్ళ సముద్రాల వల్ల వచ్చింది కాదు. మా మేడమీది హాలుకూ, అమ్మ గదికీ మధ్యనున్న ముప్ఫయి నలభై అడుగుల వల్ల వచ్చింది. ఆ సంగతి తెలుసుకోవటానికి నాకు రెండు నెలలు పట్టింది. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. తరంగాల లెక్కలు నాకెక్కడివి? అయినా నాలాంటివారు చదువరులలో ఉండకపోరు గనుక, తెలుసుకున్నంత వరకు చెబుతాను.

నాలుగు గీతల మాయ

మాది సికిందరాబాదులో ఏ.ఎస్. రావు నగర్. రెండంతస్తుల పాత ఇల్లు. ఇంటర్నెట్టు తీగ వీధి స్తంభం మీదనుంచి మేడమీది హాలులోకి వస్తుంది. రూటరు అక్కడ, టి.వి. పక్కన. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. అంచేత ఆమె కింద, పెరటివైపు గదిలో ఉంటుంది. మధ్య ఒక శ్లాబు, రెండు గోడలు, ఒక ఇనప బీరువా.

ఆ గదికి వైఫై అందటం లేదని మొదట్లోనే తెలిసింది. బజారుకు పోయి ఒక ఎక్స్‌టెండరు కొనుక్కొచ్చాను. అర చెయ్యంత డబ్బా. గోడ ప్లగ్గులో గుచ్చితే చాలు. ఎక్కడ వైఫై లేదో అక్కడే పెట్టాలి గదా అని అమ్మ మంచం పక్కన ప్లగ్గులో పెట్టాను. వెంటనే ఫోనులో నాలుగు గీతలూ నిండుగా వెలిగాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గీతలు నిండాయి గాని మాట నిండలేదు. లోపం కనెక్షనులో ఉందనుకుని, నలభై మెగాబిట్ల పథకం మార్చి వంద మెగాబిట్లకు డబ్బు కట్టాను. నెలకు ఇన్ని రూపాయలు అదనం. అమ్మ గదిలో మాత్రం రవంతైనా మార్పు లేదు. గీతలు నాలుగూ నిండుగా వెలుగుతూనే ఉన్నాయి. తమ్ముడి ముఖం మాత్రం ఆగిపోతూనే ఉన్నది.

ఇదేం మాయ? ఈ చిక్కు విప్పింది మా పక్కింటి బాబాయిగారు. చుట్టరికం ఏమీ లేదు, ముప్ఫయ్యేళ్ళ ఇరుగుపొరుగుతనం. ఇ.సి.ఐ.ఎల్.లో పనిచేసి రిటైరయినవారు.

ఆయన పేరు మోసే పేట

ఇక్కడ మా పేట గురించి రెండు మాటలు చెప్పటం ధర్మం. దీని పేరులో ఉన్న ఏ.ఎస్. రావుగారు అంటే అయ్యగారి సాంబశివరావుగారు. 1914లో పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివారు. హోమీ భాభాగారి వద్ద అణుశక్తి శాఖలో ఎలక్ట్రానిక్ పరికరాలను మనదేశంలోనే తయారుచేసే పనికి నాయకత్వం వహించారు. ఆ పనికి కొనసాగింపుగా 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను, అనగా మన ఇ.సి.ఐ.ఎల్.ను, నిలబెట్టారు. 1972లో పద్మభూషణ్ అందుకున్నారు. 2003లో కన్నుమూశారు. ఆ సంస్థ ఉద్యోగులు కట్టుకున్న ఇళ్ళతో పెరిగిన పేట ఇది. ఎలక్ట్రానిక్స్ మహనీయుడి పేరు పెట్టుకున్న పేటలో కూర్చుని, ఒక డబ్బాను ఏ ప్లగ్గులో గుచ్చాలో తెలియకపోవటం నాకు చిన్నతనంగానే తోచింది.

బాబాయిగారు వచ్చి గదంతా కలయజూశారు. మంచం పక్కనున్న డబ్బాను చూసి నవ్వారు.

"ఏమయ్యా మాస్టారూ, నీళ్ళు లేని నూతిలో బొక్కెన వేసి, నిండలేదంటే ఎలాగయ్యా?"

"మరి గీతలు నాలుగూ ఉన్నాయి గదండీ బాబాయిగారూ?" అన్నాను.

"ఉండక ఏం చేస్తాయి? నీ ఫోనుకూ ఆ డబ్బాకూ మధ్య దూరం మూడడుగులు. నీ ఫోను ఆ డబ్బా గొంతు బాగా వినబడుతోందని చెబుతోంది. మరి ఆ డబ్బాకు మేడమీది రూటరు గొంతు వినబడుతోందా లేదా? ఆ ప్రశ్న నువ్వు ఎవర్ని అడిగావు?"

ఇదీ అసలు కీలకం. గీతలు అబద్ధం చెప్పలేదు. మనం అడగవలసిన ప్రశ్న అడగలేదు. ఫోనులో కనబడే గీతలు ఎక్స్‌టెండరు మనకెంత చేరువో చెబుతాయి. ఎక్స్‌టెండరుకు రూటరు ఎంత చేరువో చెప్పవు.

ఆయన తన ఫోనులో సంకేతబలం కొలిచే సాధనం ఒకటి తెరిచారు. ఎక్స్‌టెండరును ఆపించి, అది ఉన్నచోటనే ఫోను పెట్టి, మేడమీది రూటరు నుంచి వచ్చే బలమెంతో చూపించారు. మైనస్ 84 అని వచ్చింది. ఈ లెక్కలో సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలమెక్కువ. సాధారణంగా మైనస్ 50 ప్రాంతం శ్రేష్ఠం. మైనస్ 67 వరకు ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకోవటానికి ఇబ్బంది ఉండదు. 80 దాటితే నీరసమే. మూడు అంకెలు దిగజారితే బలం సగం పోయినట్లు లెక్క. పది దిగజారితే మిగిలేది పదో వంతు. 67కూ 84కూ నడుమ పదిహేడంకెలు. అంటే ఉండవలసిన దానిలో యాభయ్యో వంతు మాత్రమే ఆ డబ్బాకు అందుతోందన్నమాట.

ప్రతి గోడకూ ఒక సుంకం

రేడియో తరంగాలు గోడలు దాటుతాయని మన జగదీశ్ చంద్ర బోసుగారు 1895 ప్రాంతంలోనే కలకత్తాలో గోడ అవతల గంట మోగించి రుజువు చేశారు. దాటుతాయి గాని ఊరికే దాటవు. పూర్వం ఊరి పొలిమేరలో సుంకం కట్టించుకున్నట్లు, ప్రతి గోడా తన వాటా పుచ్చుకుంటుంది. ఇటుకగోడ కొంచెం తీసుకుంటే, ఇనపచువ్వలు పోసిన శ్లాబు చాలా తీసుకుంటుంది. ఇనప బీరువా, నిలువుటద్దం వెనక ఉండే లోహపు పూత, నీళ్ళ తొట్టి వీటిది మరీ దోపిడీ.

వైఫైకి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, ఆ తరంగం పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. రెండోది 5 గిగాహెర్ట్జ్. పొడవు ఆరు సెంటీమీటర్లు. రెండోది వేగవంతం గాని గోడలను తట్టుకోలేదు. మొదటిది మరికొంత దూరం పోగలదు గాని రద్దీ ఎక్కువ. మా డబ్బా మొదటి దారి ఒక్కటే తెలిసిన రకం.

ఈ రద్దీకి ఒక చరిత్ర ఉన్నది. ఒకప్పుడు ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టవలసి వచ్చేది. 2005లో మన ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ దారిని స్వల్పశక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా విడిచిపెట్టింది. ఉచితమైన దారిలో జనం పెరగటం సహజమే గదా! ఇరుగు పొరుగుల రూటర్లు, బ్లూటూత్ పరికరాలు, వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి, అన్నీ అక్కడే. ఆ దారిలో ఒకదానితో ఒకటి రాసుకోకుండా నడిచే వరసలు మూడే. వాటిని 1, 6, 11 చానెళ్ళంటారు. మా వీధిలో ఫోను తెరిచి చూస్తే ఇరవై మూడు ఇళ్ళ పేర్లు కనబడ్డాయి. మూడు వరసల్లో ఇరవై మూడు బళ్ళు!

ఇవన్నీ ఒకే గాలిలో ఎలా మాట్లాడుకుంటాయి? సభామర్యాద పాటిస్తాయి. ముందు చెవి ఒగ్గి వినాలి. ఎవరూ మాట్లాడకపోతే అప్పుడు నోరు విప్పాలి. ఇద్దరు ఒక్కసారే అందుకుంటే ఇద్దరూ ఆగి, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించాలి. అందరూ ఒకే గాలిని పంచుకునే ఈ విద్యకు మూలపురుషుడు నార్మన్ ఏబ్రంసన్. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో, దీవుల మధ్య తీగలు లేకుండా కంప్యూటర్లను కలపటానికి ఆయన బృందం 'అలోహా' అనే ఏర్పాటు చేసింది. ఢీకొన్న మాటను కొంత ఆగి మళ్ళీ చెప్పటం అక్కడ మొదలయింది. వైఫై ప్రమాణం 1997లో వచ్చేనాటికి, ముందు విని తరువాత మాట్లాడే మర్యాద కూడా దానికి తోడయింది.

వంతగాడి కష్టం

ఇక ఎక్స్‌టెండరు చేసే పనేమిటి? బాబాయిగారు ఏవేవో ఇంగ్లీషు మాటలు చెప్పారు గాని, నాకు బుర్రకథతో పోల్చుకుంటే తేలిగ్గా బోధపడింది.

బుర్రకథలో నడుమ కథకుడు నిలబడి తంబురా మీటుతూ కథ చెబుతాడు. పక్కనున్న వంతలు ఆయన మాటను అందుకుంటారు. వంతగాడు అందుకోవాలంటే ముందు కథకుడి మాట వినాలి. వంతగాడు పలికే సమయంలో కథకుడు ఆగాలి. ఇద్దరూ కలిసి చెరో మాట అరిస్తే కథ రసాభాస.

రూటరు కథకుడు, ఎక్స్‌టెండరు వంతగాడు. ఒకే దారి ఎరిగిన ఎక్స్‌టెండరు, రూటరు చెప్పినదాన్ని విని, అదే గాలిలో మళ్ళీ అదే మాట మన ఫోనుకు చెప్పాలి. ప్రతి మాటా రెండుసార్లు పలకాలి. అంచేత ఉన్న వేగం సుమారు సగమవుతుంది. ఇది పరికరంలో లోపం కాదు. దాని పనే అది. రెండు దారులూ తెలిసిన ఎక్స్‌టెండరయితే ఒక దారిలో విని, రెండో దారిలో చెప్పగలదు గనుక నష్టం తగ్గుతుంది.

సగమే అయితే బాధ లేదు. వంద మెగాబిట్లలో సగం యాభై. ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకోవటానికి రెండు మూడు మెగాబిట్లు నిలకడగా ఉంటే చాలు. మరి అమ్మ గదిలో ఎందుకు ఆగిపోయింది?

వంతగాణ్ణి కథకుడికి దూరంగా, తలుపు అవతల నిలబెట్టాను గనుక. మాట సరిగా వినబడనివారికి మనం ఏం చేస్తాం? నెమ్మదిగా, ఒక్కొక్క ముక్కే విడదీసి చెబుతాం. రూటరూ అంతే. అవతలివారికి బలం చాలటం లేదని తెలిస్తే వేగం తగ్గించి, స్పష్టంగా చెబుతుంది. పెట్టెమీద 300 అని అచ్చు వేసి ఉన్నా, అది ఎదురెదురుగా కూర్చున్నప్పటి గరిష్ఠపు లెక్క. చేతికందేది అందులో కొంతే. మైనస్ 84 దగ్గర ఆ లెక్క పనికిరాదు.

పైగా రసీదు గొడవ ఒకటి. ఒకప్పటి రిజిస్టరు ఉత్తరానికి రసీదు కార్డు తిరిగివచ్చినట్లు, వైఫైలో పంపిన ప్రతి ముక్కకూ "అందింది" అని కబురు రావాలి. రాకపోతే మళ్ళీ పంపుతుంది, మళ్ళీ పంపుతుంది. సినిమా చూసేటప్పుడు ఈ ఆలస్యం తెలియదు. ముందుగానే కొంత తెచ్చి దాచుకుంటుంది. సంభాషణకు ఆ వెసులుబాటు లేదు. రేపు అనబోయే మాటను ఇవాళ తెచ్చి దాచలేం గదా! అందుకే అమ్మ "ఏం తిన్నావురా" అన్న మాట దారిలో నాలుగుసార్లు తిరిగి, వాడికి చేరేసరికి మూడు సెకన్లు. మనుషుల మధ్య మూడు సెకన్ల మౌనానికి ఒక అర్థం ఉన్నది. అమ్మ దాన్ని నిర్లక్ష్యం అనుకున్నది. తమ్ముడు కోపం అనుకున్నాడు.

ఇంకొక సంగతి కూడా బాబాయిగారు చెప్పారు. నేను పథకం మార్చి వందకు డబ్బు కట్టటం వల్ల పెరిగింది మేడమీదికి వచ్చే ప్రవాహం. మేడమీదనుంచి కిందికి దిగే గొట్టం అంతకు ముందెంత సన్నమో ఇప్పుడూ అంతే. తూము పూడిపోయినప్పుడు చెరువుకు నీళ్ళు పెంచితే చేనుకు లాభమేమిటి?

మెట్లమలుపులో మకాం

ఆ సాయంత్రం ఇద్దరం ఇల్లంతా కొలిచాం. రూటరు పక్కన నిలబడితే 94 మెగాబిట్లు. అమ్మ గదిలో, ఎక్స్‌టెండరు మంచం పక్కనుండగా, ఒకసారి మూడు, ఒకసారి ఒకటి కంటె తక్కువ. మెట్లమలుపు దగ్గర రూటరు బలం మైనస్ 58. అక్కడొక ప్లగ్గు ఉన్నది. దానికి ఎన్నేళ్ళుగానో దోమలమందు బిళ్ళ పెట్టుకుంటున్నాం. దాన్ని తీసేసి ఎక్స్‌టెండరు అక్కడ గుచ్చాం.

అమ్మ గదిలో గీతలు నాలుగు నుంచి మూడుకు తగ్గాయి. నా గుండె జారింది. వేగం కొలిస్తే ఇరవై ఆరు! గీత తగ్గి వేగం పెరిగిన ఈ విచిత్రం కళ్ళారా చూసిన తరువాత గాని నాకు బోధపడలేదు. ఎక్స్‌టెండరు ఉండవలసింది వైఫై లేనిచోట కాదు. వైఫై ఇంకా బాగా ఉన్న చివరి చోట.

నాకు ఒక పాత జ్ఞాపకం వచ్చింది. పూర్వం ఈ పేటలో డాబాలమీద టి.వి. యాంటెన్నాలుండేవి. మగవారు పైకెక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరవటం, కింద ఆడవారు "వచ్చె, వచ్చె... అయ్యో, పోయింది!" అని అరవటం. ఇప్పుడు నేను మెట్లమలుపులో డబ్బా పట్టుకుని అరిస్తే, అమ్మ గదిలోనుంచి మా ఆవిడ అంకెలు చదివింది. పెట్టెలు చిన్నవయ్యాయిగాని పని మారలేదు.

అయితే సాయంత్రం ఏడు నుంచి పది వరకు, వీధిలో అందరూ ఇంటికి చేరే వేళ, ఆ ఇరవై ఆరు పన్నెండుకు దిగేది. దీనికి బాబాయిగారు చెప్పిన అసలు మందు తీగ. చాలా ఎక్స్‌టెండర్లకు అడుగున తీగ గుచ్చే రంధ్రం ఉంటుంది. రూటరు నుంచి అక్కడికి లాన్ తీగ లాగి, పరికరాన్ని 'యాక్సెస్ పాయింట్' పద్ధతికి మారిస్తే, అది ఇక వంతగాడు కాదు, రెండో కథకుడే. గాలిలో రెండుసార్లు చెప్పే పని తప్పుతుంది. ఆ తీగ వంద మీటర్ల వరకు నిక్షేపంగా పనిచేస్తుంది. మాకు పట్టింది ఇరవై మీటర్లు. ఎలక్ట్రీషియను కుర్రవాడు కిటికీ పక్కనుంచి గొట్టంలో దింపి, ఎక్స్‌టెండరును మళ్ళీ అమ్మ గదిలోనే పెట్టాడు. ఇప్పుడు అక్కడ అరవైకి అటూ ఇటూ. నెలనెలా పథకానికి కట్టిన అదనపు సొమ్ముతో పోలిస్తే తీగ ఖర్చు ఏపాటిది!

మీ ఇంట్లోనూ ఇదే చిక్కు ఉంటే డబ్బు పెట్టకముందు ఈ పరీక్ష చేసి చూడండి. ముందు రూటరు పక్కన నిలబడి వేగం కొలవండి. అక్కడే తక్కువగా ఉంటే లోపం బయటిది. కనెక్షను ఇచ్చినవారిని అడగవలసిందే. అక్కడ బాగుంటే లోపం ఇంట్లోది. అప్పుడు ఎక్స్‌టెండరును ఆపి, అది ఉన్నచోట రూటరు బలం ఎంతో చూడండి. 67 కంటె దిగువకు జారితే దాన్ని రూటరువైపు జరపండి. బీరువా వెనక, అద్దం పక్కన, టి.వి. చాటున పెట్టకండి. ఒక ఎక్స్‌టెండరుకు ఇంకొక ఎక్స్‌టెండరును తగిలించకండి, సగంలో సగమవుతుంది. వీలుంటే తీగ లాగండి.

తీగ లాగిన తరువాతి ఆదివారం అమ్మను నేను పిలవలేదు. ఫోను ఆమె మంచంమీద పెట్టి ఊరుకున్నాను. ఎనిమిదిన్నరకు అది మోగింది.

"ఏం తిన్నావురా?"

"బెండకాయ వేపుడమ్మా. మాడ్చేశాను."

"చిన్నప్పుడూ అంతే, పొయ్యిమీద గిన్నె పెట్టి పుస్తకం పట్టుకునేవాడివి" అన్నది అమ్మ వెంటనే. అవతల వాడు నవ్వాడు. ఆ నవ్వు నవ్వవలసిన క్షణంలోనే వినబడింది.

తొమ్మిదింబావుకు నేను కాఫీ పట్టుకెళితే, అమ్మ చేత్తోనే అక్కడ పెట్టమని సైగ చేసింది. నావైపు తలతిప్పే తీరిక లేదు.